నంబరు ప్లేటు దాక్కోవచ్చా?

ప్రశ్న: మా బాబాయి కారు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ముందు నంబరు ప్లేటు గర్రుమని గీసుకుంటుంది. మీట నొక్కితే ప్లేటు లోపలికి వెళ్ళిపోయే బ్రాకెట్ ఒకటి ఉందట, అది పెట్టిస్తానంటున్నాడు బాబాయి. అలాంటివి పెడితే పోలీసులు ఊరుకోరంటున్నారు నాన్న. ఎవరి మాట నిజం? అసలు కారంతా బాగానే దాటుతుంటే ప్లేటే ఎందుకు తగులుతుంది?
– చెన్నై, తిరువాన్మియూరు నుంచి ఏడో తరగతి చదివే పాఠకుడు

జవాబు: నువ్వు చివర అడిగిన దాంతో మొదలుపెడదాం బాబూ. అది తెలిస్తే మీ బాబాయికి, నాన్నగారికి మధ్య తగువు సగం తీరిపోతుంది.

ఈసారి కారు ఆగి ఉన్నప్పుడు పక్కన కూర్చుని చూడు. ముందు చక్రం నేలను తాకే చోటు ఒకటి కనిపిస్తుంది. అక్కడినుంచి బంపరు కొస దాకా కారు ఇంకొంత ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. మెకానిక్కులు దీన్ని ఓవర్‌హ్యాంగ్ అంటారు. మామూలు కారులో ఇది సుమారు 95 సెంటీమీటర్లు ఉందనుకుందాం. స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని ఎక్కాల్సింది చక్రం. కానీ చక్రం కంటే దాదాపు ఒక మీటరు ముందుగా బంపరు దాని మీదికి వెళ్ళిపోతుంది. అప్పటికి చక్రం ఇంకా చదునైన రోడ్డు మీదే ఉంటుంది కాబట్టి కారు ముక్కు పైకి లేవదు. గుట్ట ఎంత ఎత్తుందో, ఆ కొద్ది క్షణాలు ముక్కు కింద అంతకంటే ఎక్కువ ఖాళీ ఉండాలి.

గుట్ట ఎత్తు ఎంత? మన దేశంలో రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ స్పీడ్ బ్రేకర్‌కు కూడా ఒక లెక్క ఇచ్చింది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేందుకు అయితే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్థం గల వృత్తంలోంచి కోసిన ముక్క ఆకారం. ఆ ఆకారాన్ని గ్రాఫ్ కాగితం మీద గీసి చూస్తే, చక్రం గుట్ట అంచును తాకే సమయానికి 95 సెంటీమీటర్ల ముందున్న ముక్కు కింద గుట్ట దాదాపు ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. మీ లెక్కల మాస్టారిని అడిగితే ఇది చేసి చూపిస్తారు, కష్టమేమీ కాదు.

ఇప్పుడు మీ బాబాయి కారు సంగతి. స్విఫ్ట్ లాంటి మామూలు కారుకు అడుగుభాగం నుంచి నేలకు 163 మిల్లీమీటర్లు, అంటే పదహారు సెంటీమీటర్ల పైనే ఖాళీ ఉంటుంది. లంబోర్గినీ హురకాన్ లాంటి స్పోర్ట్స్ కారుకు 125 మిల్లీమీటర్లే. పొట్టి స్ప్రింగులు వేయించి కిందికి దించిన కారు కూడా దాదాపు ఇక్కడికే వస్తుంది. ముక్కు కింద 12 సెంటీమీటర్లు ఉందనుకో. ఏడున్నర సెంటీమీటర్ల గుట్ట మీద 12 సెంటీమీటర్ల ముక్కు హాయిగా దాటుతుంది. కానీ ఆ బంపరు కింది అంచు దాటి నంబరు ప్లేటు ఇంకో 5 సెంటీమీటర్లు వేలాడుతుంటే మిగిలేది 7 సెంటీమీటర్లే. అరసెంటీమీటరు చాలదు. గర్రుమనే చప్పుడు ఆ అరసెంటీమీటరుదే.

అంటే కారు నేలకు దగ్గరగా ఉండటం మాత్రమే కాదు, ముందు కొసన ఉన్నదేదో వేలాడటం కూడా కారణం. అదే ప్లేటు చక్రాల మధ్య ఎక్కడో వేలాడి ఉంటే ఇంత ఇబ్బంది ఉండేది కాదు. కొసకు ఎంత దగ్గరైతే అంత ముందుగా తగులుతుంది.

దీనికి తోడు బ్రేకు ఉంది. గుట్ట కనిపించగానే చాలామంది దాని మీదికి వచ్చేదాకా బ్రేకు నొక్కే ఉంచుతారు. బ్రేకు వేస్తే కారు బరువు ముందుకు ఒరుగుతుంది, ముందు స్ప్రింగులు నొక్కుకుపోతాయి, ముక్కు మరి కొన్ని సెంటీమీటర్లు దిగుతుంది. ఖాళీ ఎక్కువ కావలసిన క్షణంలోనే మనం దాన్ని తగ్గించుకుంటున్నాం అన్నమాట. గుట్టకు కాస్త ముందే వేగం తగ్గించి, ముక్కు గుట్ట మీదికి వచ్చేలోపే బ్రేకు వదిలేస్తే అది మళ్ళీ లేస్తుంది. బాబాయికి ఇది చెప్పి చూడు. డబ్బు ఖర్చులేని మందు. అపార్ట్‌మెంట్ సెల్లారులోకి దిగే ర్యాంపు దగ్గర ఇంకో ఉపాయం ఉంది. నేరుగా కాకుండా ఐమూలగా ఎక్కిస్తే కారు పోయే దారిలో వాలు తగ్గుతుంది. ఎనిమిది అడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపును 45 డిగ్రీల ఐమూలగా ఎక్కితే అది పదకొండు అడుగులకు ఒక అడుగు లేచే ర్యాంపుతో సమానం. అంత వెడల్పు మన సెల్లార్లలో దొరకడమే కష్టం.

మరి ఇంత తంటాలు పడి ముందు ప్లేటు ఎందుకు? వెనక ఒకటి ఉందిగా అని నీకు అనిపించే ఉంటుంది.

బండికి గుర్తు కట్టాలన్న ఆలోచన పాతదే. 1893లో పారిస్ పోలీసులు మోటారు బండ్లకు యజమాని పేరు, చిరునామా, అనుమతి సంఖ్య ఉన్న పలక తప్పనిసరి చేశారు. బ్రిటన్‌లో 1903 చట్టం తెచ్చిన నంబర్లు 1904 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మద్రాసులో కారు కొన్న మొదటి భారతీయుడిగా నగర చరిత్రలో చెప్పుకునేది తాటికొండ నంబెరుమాళ్ చెట్టి గారిని. ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది, తెలుగు కుటుంబం. హైకోర్టు భవనం కట్టిన కాంట్రాక్టరు ఆయనే. ఆయన ఫ్రెంచి డిడియాన్ కారు నంబరు ఎం.సి. 3. ఊళ్ళో కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్నప్పుడు నంబరు చూడాల్సిన పనేముంది? కారు రావడం చూస్తేనే చెట్టి గారు వస్తున్నారని తెలిసిపోయేది. ఇప్పుడు చెన్నైలో ఓ.ఎం.ఆర్. రోడ్డు మీద ఒకే రంగు, ఒకే కంపెనీ కార్లు వరసగా పది పోతుంటాయి. వాటిని వేరుచేసేది ఆ పలక ఒక్కటే.

ఎదురుగా వచ్చే బండికి ముందు భాగమే కనిపిస్తుంది. సిగ్నల్ దాటి మనవైపు దూసుకొచ్చిన కారును చూసినవాడికి ముందు ప్లేటు కనిపించకపోతే, వెనక్కి తిరిగి చూసేలోపు అది వెళ్ళిపోతుంది. కూడళ్ళలో స్తంభాల మీద పెట్టిన, నంబరు దానంతటదే చదివే కెమెరాలకూ అంతే. అందుకే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 50వ నియమం నంబరు ముందూ వెనకా రెండుచోట్లా స్పష్టంగా, చదవడానికి వీలుగా ఉండాలంటుంది. 51వ నియమం కారు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అక్షరాల మధ్య ఖాళీ 10 మిల్లీమీటర్లు ఉండాలని కొలతతో సహా చెబుతుంది.

కొన్ని దేశాల్లో ఇలా ఉండదు. అమెరికాలో జార్జియా, ఫ్లోరిడా, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో వెనక ప్లేటు ఒక్కటి చాలు. టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో రెండూ ఉండాలి. ప్లేటు లేకుండా కారు ముఖం అందంగా ఉంటుందనుకునే వాళ్ళు అక్కడ చాలామంది. కార్ల ప్రదర్శనలో ప్లేటు లోపలికి పోవాలి, రోడ్డు మీద బయటికి రావాలి. మీట నొక్కితే కదిలే బ్రాకెట్లు ఇలాంటి కోరికకు తగినట్టు తయారైనవే. 1964లో వచ్చిన గోల్డ్‌ఫింగర్ సినిమాలో జేమ్స్ బాండ్ ఆస్టన్ మార్టిన్‌కు తిరిగే నంబరు ప్లేట్లు పెట్టినప్పటి నుంచి ఆ సరదా ఇంకా పెరిగింది. సరదాగానే ఉంటుంది, కాదనను. బాండ్‌కు ఆర్‌టీవో ఆఫీసుతో పనిలేదు.

ఇప్పుడు ఆ బ్రాకెట్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. బంపరు వెనక ఒక చిన్న మోటారు ఉంటుంది. కారులోని 12 వోల్టుల బ్యాటరీ నుంచి దానికి తీగ వస్తుంది. మీట నొక్కగానే మోటారు తిరిగి, పళ్ళచక్రం ద్వారానో మరచుట్టు ఉన్న కడ్డీ ద్వారానో ప్లేటు ఉన్న పలకను వెనక్కి లాగుతుంది, లేదా పైకి మడుస్తుంది. మళ్ళీ నొక్కితే బయటికి తోస్తుంది. పళ్ళచక్రాల పద్ధతి వల్ల ప్లేటు ఉన్న చోట బిగుసుకుని ఉంటుంది, గాలికి ఊగదు. అది దాని సుగుణం. దాని లోపం కూడా అందులోనే ఉంది. బయటికి వచ్చి ఉన్నప్పుడు గుట్ట తగిలితే అది లొంగదు. బాబాయి మీట నొక్కడం మరచిపోయిన రోజున పళ్ళచక్రం పన్ను విరుగుతుంది, లేదంటే బంపరు పగులుతుంది. గుట్ట ఎక్కే ప్రతిసారీ మీట గుర్తుండాలి, దిగాక మళ్ళీ గుర్తుండాలి. వెలచేరి నుంచి తిరువాన్మియూరు దాకా వచ్చేలోపు ఎన్ని గుట్టలో నీకే తెలుసు. రెండు రోజులు శ్రద్ధగా నొక్కుతాడు. మూడోరోజు నుంచి ప్లేటును లోపలే ఉంచేస్తాడు.

నాన్నగారి భయం అక్కడే నిజమవుతుంది. ప్లేటు లోపల ఉన్నంతసేపూ ఆ కారుకు ముందు నంబరు లేనట్టే. చెన్నై ట్రాఫిక్ పోలీసులు 2024 మే 2 నుంచి నంబరు ప్లేట్ల మీద డాక్టరు, ప్రెస్, పోలీసు వంటి స్టిక్కర్లు అంటించిన వాళ్ళ మీదే చర్యలు మొదలుపెట్టారు. ప్లేటు సరిగా లేకపోతే మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద మొదటిసారి 500, ఆ తర్వాత ప్రతిసారీ 1500 రూపాయల జరిమానా. స్టిక్కరుకే అంతైతే ప్లేటునే మాయం చేసే యంత్రాన్ని వాళ్ళు ఎలా చూస్తారో ఊహించుకోవచ్చు. ఆ పైన 182ఎ సెక్షన్‌లో నాలుగో ఉపవిభాగం ఉంది. అనుమతి లేని విధంగా బండిలో మార్పు చేసిన యజమానికి మార్పుకు 5000 రూపాయల చొప్పున జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. తయారీదారు ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కారును కిందికి దించడం కూడా ఈ మాటల కిందికే రావచ్చు. ఆ సంగతి బాబాయి వేరుగా ఆలోచించుకోవాలి. నువ్వు చెప్పబోకు, ముందు ప్లేటు సంగతి తేలనీ.

ఇంకో లోపం చెన్నైకి ప్రత్యేకం. మోటారు ఎక్కడ ఉంది? కారు ముందు భాగంలో అన్నిటికంటే కింద. వాన పడి రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు నిలిచినప్పుడు మొదట మునిగేది అదే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు వెలచేరి, పళ్ళికరణై ప్రాంతాలు ఎలా మునిగాయో మీ ఇంట్లోవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ప్లేటు లోపల ఉండగానే మోటారు మునిగి ఆగిపోతే ఇక ప్లేటు బయటికి రాదు.

నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో విషయం చెబుతాను, నాకు ఇది భలే ఆసక్తిగా ఉంటుంది. పోయే బస్సు కిటికీలోంచి గాలి మొహానికి ఎంత బలంగా తగులుతుందో తెలుసుగా? కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, 50 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న నంబరు ప్లేటు మీద గాలి సుమారు మూడు కిలోల బరువు పెట్టినంత ఒత్తిడి తెస్తుంది. వేగం రెట్టింపైతే ఆ ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అదే ప్లేటు పూర్తిగా నీటిలో మునిగి, కారు గంటకు 20 కిలోమీటర్ల వేగంతోనే పోతుందనుకో. నీరు గాలికంటే దాదాపు ఎనిమిది వందల రెట్లు బరువైనది కాబట్టి ఒత్తిడి తొంభై కిలోలు దాటుతుంది! ఒక పెద్దమనిషి ప్లేటు మీద నిలబడ్డట్టే. వాన నీళ్ళలో వేగంగా పోయిన కార్ల ప్లేట్లు ఊడి కొట్టుకుపోవడానికి కారణం ఇదే. గంటకు 10 కిలోమీటర్లకు తగ్గిస్తే అది నాలుగో వంతు, అంటే ఇరవై మూడు కిలోలకు దిగుతుంది.

ఇందులో గాలి ఒత్తిడి అంకె బ్రాకెట్ ఎంచుకోవడానికి పనికొస్తుంది. మనకు కావలసింది రోడ్డు తాకితే లొంగే ప్లేటు, గాలికి లొంగని ప్లేటు. మనం మీట నొక్కితే దాక్కునేది కాదు. తాకినప్పుడు ఒక క్షణం వంగి, మరుక్షణం తనంతట తానే యథాస్థానానికి వచ్చేది. కీలు, స్ప్రింగు ఉన్న బ్రాకెట్ ఆ పని చేస్తుంది. ఇందులో మోటారు లేదు, తీగ లేదు, మీట లేదు. డ్రైవరు మరచిపోవడానికి ఏమీ లేదు. ప్లేటు ఎప్పుడూ బయటే ఉంటుంది కాబట్టి నాన్నగారి అభ్యంతరానికి కూడా చాలావరకు జవాబు దొరుకుతుంది.

అది కొనేముందు అసలు బ్రాకెట్ అవసరమా అని చూసుకోవాలి. నియమాల ప్రకారం కారుకు రెండు కొలతల ప్లేట్లు ఉండవచ్చు: 340 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు ఉన్నది ఒకటి. 500 పొడవు, 120 ఎత్తు ఉన్నది రెండోది. మీ బాబాయి కారుకు ముందున్నది మొదటి రకమైతే పొడవాటి రకానికి మారితేనే ఎత్తు 8 సెంటీమీటర్లు తగ్గుతుంది. మనకు కావలసింది అరసెంటీమీటరేగా! ఒక్క కొలత మారితే మొత్తం సమస్యే పోవచ్చు. లేదా ఇప్పుడున్న ప్లేటునే నాలుగు వేళ్ళ మేర పైకి జరిపినా చాలు. కానీ పైకి జరిపేటప్పుడు రేడియేటరుకు గాలి పోయే జాలీని మూయకూడదు. చెన్నై మే నెల ఎండలో ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడ్డ ఇంజనుకు ఆ గాలి ప్రాణం. బంపరులో గుండ్రటి బొత్తాల్లాగా కనిపించే పార్కింగ్ సెన్సర్లకూ అడ్డు రాకూడదు. అడ్డొస్తే ఎదురుగా ఏమీ లేకపోయినా అవి కీచుమంటూనే ఉంటాయి.

అయినా తగులుతోందంటే కీలు బ్రాకెట్ చూడొచ్చు. మౌంట్ రోడ్డుకు ఆనుకుని ఉన్న జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కార్ల సామాన్ల దుకాణాలు వరసగా ఉన్నాయి. పాత విడిభాగాలకైతే పుదుపేట ఉండనే ఉంది, కానీ స్ప్రింగు లాంటిది పాతది కొనడం నాకు ఇష్టం లేదు. వాడిన స్ప్రింగు ఎంత అలసిపోయిందో చూస్తే తెలియదు. దుకాణంలో బ్రాకెట్ చేతికి తీసుకోగానే కింది అంచును అరచేత్తో వెనక్కి తోసి వదలాలి. టక్కున వచ్చి నిటారుగా ఆగాలి. సగంలో ఆగినా, వచ్చి ఊగుతూ ఉన్నా వద్దు.

తర్వాత బలం. చేపల బజారులో వాడే కొక్కెం స్ప్రింగు త్రాసు ఒకటి తీసుకెళ్ళమను. దుకాణంవాడు వింతగా చూస్తాడు, చూడనీ. ప్లేటు పై అంచున కీలు ఉంటుంది, గాలి ఒత్తిడి ప్లేటు నడిమధ్య పనిచేస్తుంది, మనం లాగేది కింది అంచు. కీలు నుంచి దూరం రెట్టింపు కాబట్టి కావలసిన బలం సగం. నడిమధ్య మూడు కిలోలకు పైచిలుకు గాలిని తట్టుకోవాలంటే కింది అంచున ఒకటిన్నర కిలోలకు పైన లాగితేగాని కదలకూడదు. సముద్రం పక్కన పోయే ఈ.సి.ఆర్. రోడ్డు మీద గాలి ఎదురుగా కొట్టే సాయంత్రాలను కూడా కలుపుకుని రెండున్నర కిలోలు పెట్టుకుందాం. అంతకంటే తక్కువకే కదిలితే, వేగంగా పోతున్నప్పుడు గాలి ప్లేటు కింది అంచును వెనక్కి నెట్టేస్తుంది. ప్లేటు ముఖం నేలవైపు తిరుగుతుంది. స్తంభం మీది కెమెరా పైనుంచి చూస్తుంది కాబట్టి దానికి అక్షరాలు కనిపించవు. దాచాలని మనం అనుకోకపోయినా దాచినట్టే అవుతుంది. మరీ గట్టిగా ఉండి పది కిలోలు లాగినా కదలకపోతే అది కీలు ఉన్నట్టే కాదు. గుట్ట తగిలినప్పుడు బంపరు మీదే భారం పడుతుంది.

చాలామంది చూడని సంగతి ఇంకొకటి ఉంది. కారు ముందుకు పోతూ గుట్టను తాకితే ప్లేటు కింది అంచు వెనక్కి వంగుతుంది. ముందు భాగం ఏ ఫుట్‌పాత్ అంచు మీదికో ఎక్కించి ఆపిన కారును రివర్సు చేస్తే? అప్పుడు ఆ రాయి ప్లేటును ముందుకు లాగుతుంది. వెనక్కి మాత్రమే వంగే కీలైతే ప్లేటు ఆ రాయికి చిక్కుకుని, బ్రాకెట్‌తో సహా బంపరునే లాగేస్తుంది. బంపర్లు ఇలా కూడా ఊడతాయి. అందుకే పెద్ద హోటళ్ళలో వంటింటికి ఉండే ఊగే తలుపులాగా అటూ ఇటూ రెండు వైపులా వంగి మధ్యకు వచ్చి ఆగే కీలు కావాలి. అలాగే వెనక్కి వంగడానికి ప్లేటు వెనక ఖాళీ ఉండాలి. బంపరుకు అతుక్కుని ఉన్న చోట కీలు పెట్టి లాభం లేదు.

బంపరుకు రంధ్రాలు చేయకుండా, ముందు భాగంలో తాడు కట్టి లాగడానికి ఉండే మరల రంధ్రంలో కడ్డీ బిగించి దానికి ప్లేటు తగిలించే రకం కూడా ఉంది. పక్కకు జరిగి ఉంటుంది, చూడ్డానికి వింతగా ఉన్నా ఎత్తుగా ఉంటుంది కాబట్టి గుట్టకు తగలదు. పొడవాటి కడ్డీ అదురుతుంది, అదే దాని లోపం. అయస్కాంతంతోనో జిగురుపట్టీతోనో అంటించేవి వద్దు. వాటిని ఎవరైనా ఊడబీకి పట్టుకుపోతారు. నంబరు దొంగిలించినవాడు దాన్ని ఏ బండికి తగిలిస్తాడో ఎవరికి తెలుసు?

లోహం గురించి ఒక మాట. తిరువాన్మియూరు సముద్రపు ఒడ్డు. ఆ గాలిలోని ఉప్పు మామూలు ఇనుప స్ప్రింగును తొందరగా తినేస్తుంది. తుప్పు పట్టిన స్ప్రింగు బిగుసుకుని, వంగిన ప్లేటు వంగినట్టే ఉండిపోతుంది. స్ప్రింగు, కీలు సీల స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. ఇప్పటి హై సెక్యూరిటీ ప్లేటు ఒక మిల్లీమీటరు మందం గల అల్యూమినియం రేకు. ఉప్పు తడిలో అల్యూమినియాన్ని స్టీలు బోల్టు నేరుగా తాకుతూ ఉంటే రెండు లోహాల మధ్య చిన్న విద్యుత్ ప్రవాహం పుట్టి అల్యూమినియం తరిగిపోతుంది. రంధ్రం చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అదే. మధ్యలో ఒక నైలాన్ వాషరు వేస్తే ఆ బాధ తప్పుతుంది.

ఇక బిగించడం. 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త కార్లకు తయారీదారే హై సెక్యూరిటీ ప్లేటు ఇస్తాడు, డీలరు బిగిస్తాడు. ఆ ప్లేటు మీద అశోకచక్రం ఉన్న హోలోగ్రాము, లేజరుతో చెక్కిన సంఖ్య ఉంటాయి. దాన్ని బిగించే స్నాప్ లాక్ ఒకసారి వేస్తే విరిచి తీయాల్సిందే, మళ్ళీ పనికిరాదు. దొంగలు ప్లేటు మార్చకుండా పెట్టిన ఏర్పాటు అది. కాబట్టి బ్రాకెట్ కొన్నాక వీధి చివరి మెకానిక్ దగ్గర లాకులు విరగ్గొట్టించవద్దు. బ్రాకెట్‌ను డీలరు దగ్గరికే తీసుకెళ్ళి, ఇలాంటిది బిగించవచ్చా అని ముందు అడిగి, వాళ్ళు సరేనంటే వాళ్ళ చేతే కొత్త లాకులతో వేయించాలి. వాళ్ళు కాదంటే పొడవాటి ప్లేటు, పైకి జరపడం, బ్రేకు ముందుగా వదలడం అనే మూడు దారులు ఎలాగూ ఉన్నాయి.

బిగించిన రోజు సాయంత్రం మీ అపార్ట్‌మెంట్ ర్యాంపు దగ్గర పరీక్షించండి. బాబాయి మనిషి నడక వేగంతో కారు ఎక్కించాలి. నువ్వు దారిలో కాకుండా పక్కన దూరంగా, వాచ్‌మన్ తాతకు కనిపించే చోట నిలబడి ప్లేటు ఎక్కడ తగులుతుందో, వంగి ఎంత త్వరగా నిలబడుతుందో చూడు. తర్వాత అదే ర్యాంపు మీద రివర్సులో దింపమను. అసలు పరీక్ష రివర్సులోనే.